చూపుకి తోడు – 3వ పాఠం: పిలిచే ముందు చూడాలి

పోయిన వారం, ఆటిజం ఉన్న మీ పిల్లాడి పక్కన పది నిమిషాలు ఊరికే కూర్చుని, వాడి కళ్లు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో రాసుకోమన్నాను. ఆ కాగితం దగ్గర పెట్టుకోండి.

మా అబ్బాయికి ఐదేళ్లప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసుర సబ్‌మెరైన్ చూపించడానికి తీసుకెళ్లాం. 91 మీటర్ల జలాంతర్గామిలో వాడు ఒక ఎర్ర చక్రం దగ్గర ఆగిపోయాడు. దాని అంచున రంగు పెచ్చు లేచిన చోటే చూస్తున్నాడు. వెనక జనం తోసుకొస్తున్నారు. "రా నాన్నా" అని ఆరుసార్లు పిలిచి, ఏడోసారి చెయ్యి పట్టి లాగాను. కింద పడి గుక్కపెట్టి ఏడ్చాడు. మొండితనం అనుకున్నాను. చాలా పొరపాటు.

2004లో లాండ్రీ, బ్రైసన్ అనే పరిశోధకులు పిల్లలకు తెర మధ్యలో ఒక బొమ్మ చూపించి, అది ఉండగానే పక్కన ఇంకోటి చూపించారు. ఆటిజం ఉన్న పిల్లలు మొదటిదాని నుంచి కళ్లు తిప్పడానికి చాలా సమయం తీసుకున్నారు, కొన్నిసార్లు అసలు తిప్పలేదు. మధ్య బొమ్మ మాయమయ్యాక పక్కది వస్తే అంత ఇబ్బంది పడలేదు. అంటే కొత్తది కనిపించక కాదు, పాతది వదలక. తర్వాతి పరిశోధనలన్నిటిలో ఇదే ఫలితం రాలేదు, పిల్లలందరూ ఒకేలా ఉండరు కూడా. అందుకే మీ కాగితం ముఖ్యం.

ఇక సాధన. వాడు సీసా మూత తిప్పుతున్నాడనుకోండి. దూరం నుంచి పిలవకండి. పక్కన గొంతుక్కూర్చుని మీరూ ఆ మూతే చూడండి. "మూత తిరుగుతోంది" అని ఒక్కమాట అని ఆగండి. మనసులో పది లెక్కపెట్టండి. ఆ ఆగడమే కష్టం, మన నోరు ఊరుకోదు. అప్పుడు అన్నం గిన్నెని ఆ మూత పక్కకే తెచ్చి, మెల్లగా మీ వైపు జరపండి. గడ్డం పట్టుకుని ముఖం తిప్పడం మాత్రం వద్దు, ఎవరు చెప్పినా సరే.

రోజుకి రెండుసార్లు చాలు. స్కూల్ నుంచి అలసిపోయి వచ్చిన సాయంత్రం వదిలేయండి.

మరుసటి ఏడు మళ్లీ కురుసురకి వెళ్లాం. ఈసారి నేనూ చక్రం దగ్గర కూర్చుని, "ఎర్ర చక్రం" అని ఆగాను. కాసేపటికి వాడు నా వేలు పట్టుకుని ఆ పెచ్చు దగ్గర పెట్టాడు.