రేకుల షెడ్డు వేసే ముందు చారెడు ముగ్గు

బండికో, పాత సామానుకో షెడ్డు వేద్దామంటే వెల్డర్ వచ్చి అడుగుల్లో కొలుస్తాడు. జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) ఇచ్చిన ప్లానులో సెట్‌బ్యాక్, అంటే హద్దు నుంచి ఖాళీగా వదలాల్సిన జాగా, మీటర్లలో ఉంటుంది. తేడా అక్కడే వస్తుంది. మధురవాడలో మా ఇంటి పక్కన వేయించేటప్పుడు నేను చేసిన పని ఇది.

ప్లాను కాపీలో నాలుగు వైపులా ఎంత ఖాళీ వదలమన్నారో చూసుకోండి. టేపు మీటర్ల వైపు తిప్పి, హద్దు నుంచి అంత దూరం కొలిచి, తాడు లాగి, దాని వెంట ముగ్గు పోయండి. లెక్కకి, 1.5 మీటర్లంటే 4 అడుగుల 11 అంగుళాలు. ఆ గీతకీ ప్రహరీ గోడకీ మధ్య జాగా ఆకాశం కనబడేలా ఉండాలి.

అసలు సంగతి స్తంభాల దగ్గర కాదు, రేకు అంచు దగ్గర. స్తంభం గీత లోపలే పాతినా, రేకు అడుగున్నర బయటికి వస్తే ఆ నీడంతా సెట్‌బ్యాక్‌లో పడ్డట్టే. అందుకే రేకు అంచు ఎక్కడికి వస్తుందో అక్కడ కర్ర పట్టి, దారానికి బోల్టు కట్టి వేలాడదీయండి. బోల్టు ముగ్గు దాటితే స్తంభాన్ని లోపలికి జరపాలి. గుంత తీయకముందు కాబట్టి పైసా ఖర్చుండదు. (హుద్‌హుద్ తుఫాను గాలి చూసినవాళ్లకి బయటికి పొడుచుకొచ్చిన రేకు ఎలాగూ నచ్చదు.)

ఒక్కటి మాత్రం చూసుకోండి. రోడ్డు వెడల్పుకి జాగా వదలాలని ప్లానులో ఉంటే, ప్రహరీ నుంచి కొలిచిన గీత తప్పవుతుంది. అప్పుడు వదిలాక మిగిలే హద్దు నుంచి కొలవాలి. ఇక షెడ్డుకి అనుమతి కావాలో లేదో ముగ్గు చెప్పదు, అది వార్డు సచివాలయంలో ప్లానింగ్ కార్యదర్శిని అడగాల్సిందే.