చవక గ్రాఫిక్స్ కార్డు ఓవర్‌క్లాక్: తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

ఓవర్‌క్లాక్ అంటే గ్రాఫిక్స్ కార్డును కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో నడపడం. ఆ వేగాన్నే క్లాక్ అంటారు. నా కార్డు జీటీఎక్స్ 1650. విడిగా పవర్ కేబుల్ అక్కర్లేని రకం. కరెంటంతా మదర్‌బోర్డు స్లాట్ నుంచే తీసుకుంటుంది, ఆ స్లాట్ ఇవ్వగలిగింది 75 వాట్లు. మొదటిసారి ఓవర్‌క్లాక్ చేసినప్పుడు నేను ఇదేమీ ఆలోచించలేదు. కార్డు వేగం మార్చే ఆఫ్టర్‌బర్నర్ ప్రోగ్రామ్ తెరిచి కోర్‌కు (లెక్కలు చేసే చిప్‌కు) ప్లస్ 150 మెగాహెర్ట్జ్, మెమరీకి ప్లస్ 800 ఒకేసారి పెట్టేశాను. ఆట మధ్యలో స్క్రీన్ నల్లబడి, కాసేపటికి డెస్క్‌టాప్ వచ్చింది. తప్పు కోర్‌దా, మెమరీదా? రెండూ కలిపి మార్చాను కాబట్టి తేల్చుకునే దారే లేకపోయింది. ఆ రాత్రి నుంచి పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటున్నాను. ఒకసారికి ఒకటే మార్పు, దాని పక్కన దాని ఫలితం.

మీరూ ముందు అన్నీ డీఫాల్ట్‌కు తెచ్చి, ఒకే బెంచ్‌మార్క్‌ను (కార్డు వేగాన్ని కొలిచే పరీక్షను) రెండు మూడు సార్లు నడపండి. నేను యూనిజిన్ సూపర్‌పొజిషన్ వాడతాను. సగటు ఎఫ్‌పీఎస్ (సెకనుకు వచ్చే ఫ్రేములు), టెంపరేచర్, క్లాక్, వాట్లు రాసుకోండి. డీఫాల్ట్‌లోనే క్రాష్ అవుతుంటే అది ఓవర్‌క్లాక్ సమస్య కాదు, డ్రైవర్నో పవర్ సప్లైనో చూసుకోవాలి.

స్క్రీన్ నల్లబడి మళ్లీ వచ్చిందంటే, గ్రాఫిక్స్ డ్రైవర్ నుంచి 2 సెకన్లు జవాబు రాక విండోస్ దాన్ని మళ్లీ మొదలుపెట్టిందని అర్థం. విండోస్‌లోని ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ లాగ్ తెరిస్తే డిస్‌ప్లే పేరుతో 4101 నంబర్ కనిపిస్తుంది. నా అనుభవంలో చాలాసార్లు ఇది కోర్ క్లాక్ పనే. ఒక్కోసారి 15 మెగాహెర్ట్జ్ చొప్పున తగ్గించండి. ఈ కార్డుల క్లాక్ దాదాపు ఆ మెట్ల మీదే కదులుతుంది, 5 తగ్గిస్తే ఏమీ మారకపోవచ్చు. క్రాష్ తర్వాత కంప్యూటర్‌ను రీస్టార్ట్ చేయకుండా తర్వాతి టెస్టు నడపకండి, ఆ అంకెలను నమ్మలేం.

ఆట మధ్యలో బాగానే ఉండి, మెనూలోనో లోడింగ్ స్క్రీన్‌లోనో పడిపోతోందా? అక్కడ పని తక్కువ కాబట్టి వాట్లు మిగులుతాయి, కార్డు అన్నిటికన్నా పై క్లాక్‌కు వెళ్తుంది. అందుకే కార్డుపై పూర్తి భారం పెట్టే ఫర్‌మార్క్ టెస్టు గంటసేపు నడిచినంత మాత్రాన నేను తృప్తి పడను. అది పవర్ లిమిట్‌కు (కార్డుకు అనుమతించిన వాట్ల హద్దుకు) తగిలి క్లాక్‌ను కిందికి దించేస్తుంది, మీరు పెట్టిన పై క్లాక్‌కు అసలు పరీక్షే జరగదు.

రంగు చుక్కలు, గళ్లు, మెరుపులు కనిపిస్తే ముందు మెమరీని అనుమానించండి. వెంటనే ఒక 100 తగ్గించండి.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ రోజులు తిప్పింది ఏ లక్షణమూ చూపించని సమస్య. క్రాష్ లేదు, చుక్కలు లేవు, ప్లస్ 800 నిలబడిందని సంతోషపడ్డాను. నోట్‌బుక్ చూస్తే ప్లస్ 600 దగ్గర వచ్చిన ఎఫ్‌పీఎస్ కన్నా 800 దగ్గర తక్కువ వస్తోంది! కారణం ఏమిటంటే జీడీడీఆర్5 మెమరీకి, డేటా పంపేటప్పుడు వచ్చిన తప్పును గుర్తించి మళ్లీ పంపించే ఏర్పాటు ఉంది. స్పీడు హద్దు దాటగానే తప్పులు పెరిగి, మళ్లీ పంపడంలోనే సమయం పోతుంది. పైకి మాత్రం అంతా ప్రశాంతంగా ఉంటుంది. కాబట్టి మెమరీని 100 చొప్పున పెంచుతూ ప్రతిసారీ ఎఫ్‌పీఎస్ రాయండి. పెరగడం ఆగిన చోటే ఆగి, అక్కడి నుంచి ఒక మెట్టు దిగండి. ఆ తర్వాత ఓసీసీటీ ప్రోగ్రామ్‌లోని వీరామ్ (గ్రాఫిక్స్ మెమరీ) టెస్టు ఒకసారి నడిపితే ఇంకా ధైర్యం.

ఇక మరో సమస్య: క్లాక్ పెంచినా అది నిలబడదు, 1900 చూపించి 1700కు జారిపోతుంది. కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ ప్రోగ్రామ్‌లో సెన్సర్ల ట్యాబ్ తెరిచి, వేగం ఎందుకు ఆగిందో చెప్పే పెర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస చూడండి. Thrm (థర్మల్) అని ఉంటే వేడి: దుమ్ము దులపండి, ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఫ్యాన్ ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత) పెంచండి, చలికాలంలో నిలబడిన సెట్టింగ్‌ను వేసవిలో మళ్లీ పరీక్షించండి. Pwr (పవర్) అని ఉంటే వాట్లు అయిపోయాయి. కేబుల్ లేని చాలా కార్డుల్లో పవర్ లిమిట్ 100 శాతం దాటదు. ఇక్కడ క్లాక్ పెంచడం దండగ, వోల్టేజ్ తగ్గించడమే మందు. ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్, ఎఫ్ కలిపి నొక్కితే ఏ వోల్టేజ్‌కు ఎంత క్లాక్ అని చూపించే కర్వ్ వస్తుంది. 900 మిల్లీవోల్టుల దగ్గరి చుక్కను 1800 మెగాహెర్ట్జ్‌కు లాగి, దానికి కుడివైపు ఉన్నవన్నీ అదే ఎత్తుకు దించి అప్లై చేయండి. నిలవకపోతే 15 తగ్గించండి. నా కార్డులో ఇలా చేశాకే క్లాక్ ఊగిసలాట ఆగింది, ఫ్యాన్ మోత కూడా తగ్గింది.

లిమిట్ దాటించడానికి వేరే బయోస్ (కార్డులోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించమని ఎవరైనా చెబితే దయచేసి వినకండి. స్లాట్ హద్దు 75 వాట్లే, కాలేది కార్డు ఒక్కటే కాకపోవచ్చు.

విండోస్‌తో పాటే సెట్టింగ్ అప్లై అయ్యే బటన్‌ను కనీసం వారం పాటు ముట్టుకోకండి. ముట్టుకుని స్క్రీన్ రాకుండా పోతే టెన్షన్ పడక్కర్లేదు. విండోస్ లోడ్ అవుతుండగా పవర్ బటన్ నొక్కిపట్టి ఆపేయండి. అలా రెండు మూడు సార్లు చేస్తే రికవరీ స్క్రీన్ వస్తుంది. అక్కడి నుంచి సేఫ్ మోడ్‌కు వెళ్లి ఆఫ్టర్‌బర్నర్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేస్తే చాలు.

డ్రైవర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ నేను నోట్‌బుక్‌లో కొత్త పేజీ తీసి, డీఫాల్ట్ అంకెలతోనే మళ్లీ మొదలుపెడతాను.