నీటిగుర్రం చేలో పడితే పంట నష్టపరిహారానికి దరఖాస్తు ఎలా పెట్టుకోవాలి

నీటిగుర్రాలు మన దేశంలోనూ ఉండేవి. ఎవరో జూకి తెచ్చినవి కావు, ఇక్కడే పుట్టి పెరిగినవి, నర్మద ఒడ్డు మట్టిలో వాటి దవడలూ పళ్లూ దొరికాయి. శాస్త్రవేత్తలు ఆ జాతికి పెట్టిన పేరు హెక్సాప్రోటోడాన్, అంటే ఆరు ముందుపళ్లు ఉన్నదని అర్థం, ఇప్పటి ఆఫ్రికా నీటిగుర్రానికి నాలుగే ఉంటాయి. సుమారు 30 వేల ఏళ్ల కిందట మన దగ్గర పెద్ద జంతువులు కొన్ని కనుమరుగవడం మొదలైంది, వాటితోపాటే ఇవీ పోయాయి. పోకుండా ఉండి ఉంటే? పగలంతా మునిగి పడుకోడానికి నిలవ నీళ్లు, రాత్రి మేయడానికి పక్కనే పచ్చిక కావాలి వాటికి. విజయవాడ దగ్గర కృష్ణ మీది ప్రకాశం బ్యారేజీ వెనక 12 అడుగుల నీటిమట్టం, ఎగువన రాయపూడి లంకలు, అంటే నది మధ్య తేలిన ఒండ్రు మేటలు, దిగువన చిర్రావూరు, మున్నంగి, అన్నవరపులంక. ఇంతకంటే మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది?

అలాంటి లోకంలో మన లంక రైతు పొద్దున్నే చేనుకి వెళ్లి, తొక్కేసిన పసుపు చూస్తే ఏం చేయాలో రాస్తున్నాను. జంతువు ఒక్కటే ఊహ. పద్ధతి మాత్రం ఇవాళ ఏనుగులు, అడవిపందులు పాడుచేసిన పంటకి మన దగ్గర నడుస్తున్నదే, అందుకని ఇందులో సగం మీకు ఇప్పుడైనా పనికొస్తుంది.

మొదటి మాట, చేను కదపకండి. దున్నొద్దు, నీళ్లు పెట్టొద్దు, పడిపోయిన మొక్కలు ఎత్తి గట్టున పారేయొద్దు. అడుగులు ఉన్నంతసేపే మీ కేసు ఉంటుంది. నీటిగుర్రం పాదానికి నాలుగు వేళ్లు, నాలుగూ నేలకి ఆనతాయి, కాబట్టి లంక ఒండ్రులో నాలుగు రేకుల పువ్వులా ముద్ర పడుతుంది. అడవిపందికి రెండు గిట్టలే గట్టిగా దిగుతాయి, వెనక చిన్న గిట్టలు చుక్కల్లా మాత్రమే కనపడతాయి. ఇంకా తేలిక గుర్తు ఉంది. పంది మూతితో మట్టి పెళ్లగించి దుంప తింటుంది, నీటిగుర్రం తవ్వదు, వెడల్పాటి పెదాలతో గడ్డిని గొరిగినట్టు కొరుక్కుపోతుంది. మీ పసుపు దుంపలు బయటపడి ఉంటే అది పంది పని, దుంపలు లోపలే ఉండి బోదెలు అణిగిపోయి గట్టు మీద గడ్డి మాత్రం నున్నగా కోసినట్టు ఉంటే ఇది వచ్చినట్టు. అది నడిచిన బాట కూడా వేరుగా ఉంటుంది, కాళ్లు ఎడంగా వేస్తుంది కాబట్టి రెండు గాడులు పడి మధ్యలో మట్టి దిమ్మలా మిగులుతుంది, బండి జాడలాగే. పేడని తోకతో విసిరి కొడుతుంది, ఆ తుంపర పొదల మీద ఎండి ఉంటుంది, దాన్నీ ఫోటో తీయండి.

ఫోటోలు ఫోన్లో జీపీఎస్ మ్యాప్ కెమెరా అనే యాప్‌తో తీయండి, తేదీ, సమయం, చోటు ఫోటో మీదే పడతాయి. అడుగు పక్కన పది రూపాయల బిళ్ల పెడితే సైజు తెలుస్తుంది. దగ్గరగా ఒకటి తీసి, సర్వే రాయో కరెంటు స్తంభమో కనపడేలా దూరం నుంచి ఇంకొకటి తీయండి.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే మా బాబాయి మొక్కజొన్నలో నిజంగానే అడవిపందులు పడ్డప్పుడు, తనిఖీకి వస్తామన్నవాళ్లు మూడు రోజులు రాకపోయేసరికి, కూలీలు దొరికారు కదా అని ట్రాక్టర్ పెట్టి దున్నించేశాడు. నాలుగో రోజు వచ్చినవాళ్లు ఖాళీ నేల చూసి నష్టం కనపడలేదని రాసుకుని వెళ్లారు. ఆయన తప్పేం లేదు, అదను పోతుందన్న టెన్షన్ ఏ రైతుకైనా ఉంటుంది. కనీసం నాలుగు బోదెలు అలాగే వదిలి మిగతాది దున్నుకోమని ఆ రోజు చెప్పేవాళ్లు లేకపోయారు.

దరఖాస్తులో జంతువు పేరు దగ్గర జాగ్రత్త. లంకల్లో మనం ఎలాగూ నీటిపంది అనే పిలుచుకుంటాం, కానీ కాగితం మీద పంది అని కనపడితే పై ఆఫీసులో అడవిపంది లెక్కలో వేసేస్తారు. నీటిగుర్రం అనే రాయండి. ఏ తేదీ రాత్రి, సర్వే నంబరు, ఏ పంట, ఎన్ని నెలల పంట, ఎన్ని సెంట్లు పోయింది, ఎటు నుంచి వచ్చి ఎటు వెళ్లింది, ఇవి చాలు.

జత చేయాల్సినవి ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ, 1బీ (భూమి ఎవరిదో చెప్పే పత్రం), అడంగల్ (సాగు వివరాల రికార్డు), ఫోటోలు. అన్నిటికంటే ముఖ్యం ఈ-క్రాప్ నమోదు, అంటే ఏ నేలలో ఏ పంట వేశారో ప్రభుత్వ రికార్డులో ఎక్కించడం. రైతు సేవా కేంద్రంలో మీ పంట ఎక్కకపోతే ఆ నేలలో అసలు పంట ఉందని రుజువు చేయడమే పెద్ద పని అవుతుంది. లంకల్లో సాగు చేసేవాళ్లలో చాలామంది కౌలుదార్లే, అడంగల్లో పేరు ఆసామిది, చెమట వీళ్లది. 2019 చట్టం ప్రకారం ఇచ్చే సాగుదారు హక్కు పత్రం ఉంటే పరిహారం కౌలుదారు అడగొచ్చు, దాని గడువు 11 నెలలే కాబట్టి ఏటా కొత్తది తీసుకోవాలి. అందులో భూయజమాని సంతకం కావాలి, చాలాచోట్ల పని ఆగేది అక్కడే. ఆసాములకి నా మనవి ఒకటే, ఆ సంతకంతో మీ భూమి హక్కు ఎక్కడికీ పోదు, పెట్టండి.

దరఖాస్తు అటవీ రేంజ్ అధికారి పేరున రాయాలి. రెండు కాపీలు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ వేయించుకుని ఇంట్లో దాచుకోండి. తర్వాత అటవీ సిబ్బంది, వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) కలిసి చేనుకి వస్తారు, పసుపు, అరటి, కంద అయితే ఉద్యాన సహాయకులు, మొక్కజొన్న అయితే వ్యవసాయ సహాయకులు కూడా రావాలి. పంట ఉద్యానానిది అయ్యుండి వ్యవసాయం వాళ్లు ఒక్కరే వస్తే ఆ నివేదిక తిరిగి రావచ్చు, ముందే ఫోన్ చేసి అడగండి. పంచనామా మీద సంతకం పెట్టేముందు విస్తీర్ణం ఎంత రాశారో చదవండి. వాళ్లు పది సెంట్లు రాసి మీకు పాతిక సెంట్లు పోయి ఉంటే అక్కడే చెప్పి, టేపు పట్టించండి.

వరద రోజుల్లో ఇంకో చిక్కు. 2024 సెప్టెంబరులో బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు వచ్చాయి, అంత ప్రవాహంలో నీటిగుర్రం కూడా నదిలో నిలవలేక గట్టెక్కుతుంది. అప్పుడు నీళ్లకి పోయింది ఎంత, జంతువు తొక్కింది ఎంత అని విడివిడిగా రాయించుకోండి, వరద లెక్కలు తీసేవాళ్లు వేరు.

మనిషికి దెబ్బ తగిలితే మాత్రం ఈ కాగితాలన్నీ తర్వాత. ముందు ఆసుపత్రి, వెంటనే పోలీసులకీ అటవీ శాఖకీ కబురు. ప్రాణం పోయిన కేసులో పోస్టుమార్టం లేకుండా అంత్యక్రియలు చేసేస్తే పరిహారం దాదాపు ఆగిపోతుంది, ఆ దుఃఖంలో ఎవరికీ తోచదు కాబట్టి పక్కింటివాళ్లే గుర్తుపెట్టుకోవాలి. చేను చుట్టూ కరెంటు తీగ మాత్రం లాగొద్దు. అది నేరం, పైగా తెల్లారుజామున నీళ్లు కట్టడానికి వెళ్లే మన మనిషే దాని మీద పడతాడు.

డబ్బు రావడం ఆలస్యమైతే ముద్ర వేసిన కాపీతో సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇవ్వండి. మీ చేను ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా కలెక్టరేట్‌కే వెళ్లాలి. నీటిగుర్రం వచ్చిన బాటలోనే మళ్లీ వస్తుంది, కాబట్టి రెండో రాత్రి కూడా పంట పోతే పాత దరఖాస్తులో కలపకుండా కొత్త తేదీతో ఇంకొకటి పెట్టండి, మొదటిదాని నంబరు పైన రాసి.