ఇది ఏ ‘కారు’? తేల్చుకోవడం ఎలా

రెండక్షరాల మాటలకి అర్థాలు వెతకడం పెద్ద మాటలకన్నా కష్టం. ‘కారు’నే తీసుకోండి. నిఘంటువు తెరిచే ముందు మాటని వాక్యంలో కాస్త కదిపి చూస్తే సగం పని అక్కడే అయిపోతుంది. ‘కార్లు’, ‘కారులో’ అనగలిగితే అది మనం ఎక్కి తిరిగే కారు, ఇంగ్లీషు నుంచి వచ్చింది, దాని వెనక లాటిన్‌లో బండి అని అర్థమున్న ‘కర్రుస్’ ఉంది. ‘కారింది, కారుతోంది, కార్చాడు’ అని మారితే క్రియ: కుళాయి కారడం, కన్నీరు కార్చడం. ‘వాళ్లు మనవాళ్లు కారు’ అన్నప్పుడు కాను, కావు, కాడు, కారు అని వరసగా చదవండి, చాలు.

చిక్కంతా అది ఇంకో మాట ముందు చేరినప్పుడే. కారుమబ్బు, కారుచీకటిలో నలుపు ఉంది కదా అని కారుచిచ్చుని నల్లటి మంట అనేస్తే తప్పు, అది అడవిని తగలబెట్టే మంట, ఇక్కడ ‘కారు’ అంటే అడవి. కారెనుము అంటే అడవి గేదె. గేదె ఎలాగూ నల్లగానే ఉంటుంది కాబట్టి చాలామంది ఇక్కడే బోల్తా పడతారు! అందుకే ఒక్క మాటని చూసి అర్థం ఖాయం చేసుకోకండి, అలాంటివి నాలుగైదు పక్కపక్కన రాసుకోండి.

తర్వాత పక్క భాషలు చూడండి, నాకు ఇందులో బాగా నచ్చే పని ఇదే. తమిళంలో ‘కార్’ అంటే నలుపు, మబ్బు, వానాకాలం కూడా. కన్నడంలో నల్లమబ్బు కార్మోడ, వానాకాలం కార్గాల, తొలి వానల కాలం ముంగారు. మన అనంతపురం రైతులూ ముంగారు అనే అంటారు, పాత పద్యాల్లో ‘తొలుకారు మెరుపు’ కనిపిస్తుంది. ఇవన్నీ ఒకచోట పెడితే నలుపు మబ్బుకీ, మబ్బు వానకీ, వాన కాలానికీ ఎలా పేరైందో కళ్లముందు కనిపిస్తుంది. ఆ బండి కారుకి మాత్రం వీటితో ఏ చుట్టరికమూ లేదు, ఎంత దగ్గరగా వినిపించినా సరే.

ఇక నిఘంటువులు. 1852 నాటి బ్రౌన్‌తో మొదలుపెట్టి సూర్యరాయాంధ్ర నిఘంటువుకి వెళ్లండి, మూలాల కోసం బరో, ఎమెనో కలిసి చేసిన ద్రావిడ నిఘంటువు చూడండి, 1984 నాటి రెండో కూర్పు అయితే మేలు. ఆంధ్రభారతి సైట్‌లో చాలా తెలుగు నిఘంటువుల్ని ఒకేసారి వెతకొచ్చు. అయితే పాతవాటిలో ర, బండి ఱ వేరువేరు, కాబట్టి ‘కారు’తో ఆగకుండా ‘కాఱు’ అని కూడా కొట్టి చూడండి.