గ్యారేజ్ తలుపు మూసుకోకపోవడం, రిమోట్ పలకకపోవడం: నా అనుభవం

మా గ్యారేజ్ తలుపు కొద్దిగా దిగి తిరిగి పైకి పోవడం, ఓపెనర్ (తలుపును నడిపే మోటారు యంత్రం) దీపం మిణుకుమిణుకుమనడం మొదలైనప్పుడు ముందుగా అనుమానం మోటారు మీదికే పోతుంది గాని, గోడ మీది బటన్‌ను వదలకుండా నొక్కి పట్టుకుంటే తలుపు పూర్తిగా మూసుకోవడంతో, లోపం నేలకు దాదాపు 15 సెంటీమీటర్ల ఎత్తులో ఇరువైపులా ఉండి, దారిలోని అడ్డును కనిపెట్టే సెన్సర్లలోనే ఉందని తేలింది; బటన్‌ను అలా పట్టుకుంటే ఓపెనర్ ఆ సెన్సర్లను పట్టించుకోదు. వాటి అద్దాలను మెత్తటి పొడిగుడ్డతో తుడిచి, పక్కకు తిరిగిపోయిన సెన్సరును రెండవదానికి సూటిగా ఎదురు నిలిపి, దాని సూచిక దీపం నిలకడగా వెలిగాక నట్టు బిగించాను.

రిమోట్ సంగతి వేరు. తలుపు దగ్గరకు వెళితే తప్ప పనిచేయని ఆ రిమోట్‌కు కొత్త బ్యాటరీ వేసినా ఫలితం లేకపోయింది. ఓపెనర్‌లోని ఎల్ఈడీ బల్బును తీసివేయగానే అది మునుపటి దూరం నుంచే పలికింది. కొన్ని ఎల్ఈడీ బల్బులలోని డ్రైవర్ సర్క్యూట్ (బల్బుకు తగినట్లు కరెంటును మార్చి ఇచ్చే భాగం) వెలువరించే రేడియో తరంగాలు రిమోట్ సంకేతాన్ని రిసీవర్‌కు సరిగా అందనివ్వవు. అందువల్ల ఓపెనర్ల కోసమే తయారైన బల్బును, హోల్డర్ మీద సూచించిన వాట్ల పరిమితికి లోబడి, ప్లగ్ తీసిన తరువాతే అమర్చాను. తలుపు స్ప్రింగు జోలికి మాత్రం వెళ్లలేదు; విపరీతమైన బిగువులో ఉండే దానిని నిపుణుడే విప్పాలి.