ప్రోబయోటిక్ సప్లిమెంట్‌ను ఎలా ఎంచుకోవాలి? డబ్బా మీది పెద్ద అంకె కన్నా ముందు చదవవలసినవి

పంటి చికిత్స కోసం యాంటీబయోటిక్ మాత్రలు వేసుకుంటున్న మా అమ్మకు మూడో రోజున విరేచనాలు పట్టుకున్నాయి. మందుల షాపులో ప్రోబయోటిక్ (పేగులకు మేలు చేస్తాయనే సజీవ సూక్ష్మజీవులున్న సప్లిమెంట్) ఏదైనా ఇవ్వమని అడిగితే కౌంటరు మీద రెండు పెట్టారు. ఒకటి, 15 రకాల మేలైన సూక్ష్మజీవులు, 50 బిలియన్ల సంఖ్య అని ముందువైపు పెద్ద అక్షరాలతో రాసిన క్యాప్సూళ్ల సీసా. రెండోది, దానికన్నా చాలా తక్కువ ధర పలికే సాదాసీదా సాచెట్ల పెట్టె. నాకు సహజంగానే సీసా మీదికి చెయ్యి పోయింది. అయితే రెండింటినీ వెనక్కి తిప్పి చదివాక అర్థమైంది, సీసా మీద 15 పేర్లున్నాయి గాని ఏ ఒక్కదానికీ పూర్తి పేరు లేదు. సాచెట్ల పెట్టె మీద ఉన్నది ఒకే ఒక్క పేరైనా, దాన్ని పట్టుకుని అందులో ఉన్నదేమిటో, దాన్ని ఎవరి మీద పరీక్షించారో తెలుసుకోవచ్చు. ఆ రోజు నుంచి ఇంట్లో ఎవరికి ప్రోబయోటిక్ కొనవలసి వచ్చినా నేను పాటిస్తున్న క్రమాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

1. ఏ బాధకోసం వేసుకుంటున్నారో ఒక్క వాక్యంలో రాసుకోండి

‘జీర్ణశక్తి బాగుపడాలి’ అన్నది సరైన కారణం కాదు, ఎందుకంటే అది తీరిందో లేదో కొలవడానికి వీలుండదు. ‘యాంటీబయోటిక్ మొదలుపెడుతున్నాను, విరేచనాలు కాకుండా ఉండాలి’ అనో, ‘ఆరు నెలలుగా కడుపుబ్బరం, నొప్పి ఉన్నాయి, పరీక్షల్లో వేరే జబ్బేమీ లేదని, ఇది ఐబీఎస్ (ఇరిటబుల్ బవెల్ సిండ్రోమ్) అని డాక్టరు గారు చెప్పారు’ అనో రాసుకుంటే అక్కడి నుంచి దారి దొరుకుతుంది.

ఈ వాక్యం రాస్తున్నప్పుడే కొన్ని లక్షణాలు మీకు ఉన్నాయేమో చూసుకోవాలి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, రక్తహీనత, విడవని జ్వరం, నిద్రలోంచి లేపే విరేచనాలు, 50 ఏళ్లు దాటాక కొత్తగా మొదలైన మలవిసర్జన మార్పులు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా సప్లిమెంట్ ఆలోచన పక్కనబెట్టి ముందుగా జీర్ణకోశ వైద్యులను కలవండి. ప్రోబయోటిక్‌తో కాలం గడిపి అసలు జబ్బును ఆలస్యంగా గుర్తించడం వల్ల జరిగే నష్టం, ఆ డబ్బాకు పెట్టిన ఖర్చుతో పోల్చదగినది కాదు.

చంటిపిల్లల నీళ్ల విరేచనాల విషయంలో మరీ జాగ్రత్త అవసరం. వారికి ప్రాణం నిలిపేది ఓఆర్ఎస్. దానికి తోడు ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసే జింక్‌ను డాక్టరు గారు చెప్పిన మోతాదులో 10 నుంచి 14 రోజులపాటు ఇస్తారు. 2018లో అమెరికాలోను కెనడాలోను జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో, అత్యవసర విభాగాలకు వాంతులు, విరేచనాలతో వచ్చిన పిల్లలకు ఇచ్చిన ప్రోబయోటిక్‌లు ఉత్తుత్తి మందు (పోలిక కోసం ఇచ్చే, అసలు మందు లేనిది) కన్నా మెరుగైన ఫలితమేదీ ఇవ్వలేదు.

2. ఆ బాధకు పరీక్షించిన స్ట్రెయిన్ ఏదో తెలుసుకోండి

ఎంపికలో అసలైన మెట్టు ఇదే. తగిన మోతాదులో తీసుకున్నప్పుడు ఆరోగ్యానికి మేలు చేసే సజీవ సూక్ష్మజీవులే ప్రోబయోటిక్‌లు అని 2001లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ కలిసి నిర్వచించాయి. ఈ నిర్వచనం ప్రకారం మేలు చేస్తుందని తేలిన జీవికే ఆ పేరు తగుతుంది. అలా తేలడం కూడా ఒక్కొక్క స్ట్రెయిన్‌కు, ఒక్కొక్క బాధకు విడివిడిగా జరగాలి. మామిడిలో బంగినపల్లి, చిన్న రసాలు, తోతాపురి ఉన్నట్టే ఒకే బాక్టీరియా జాతిలో అనేక స్ట్రెయిన్లు ఉంటాయి. ఆవకాయకు పనికొచ్చే కాయ, రసం తీయడానికి పనికొచ్చే కాయ ఒకటి కానట్టే, ఒక స్ట్రెయిన్ చేసిన పనిని అదే జాతిలోని మరో స్ట్రెయిన్ చేస్తుందని అనుకోలేము.

యాంటీబయోటిక్ వల్ల వచ్చే విరేచనాలను నివారించడానికి ఎక్కువగా పరీక్షించిన వాటిలో శాకరోమైసెస్ బౌలార్డీ ఒకటి. ఇది బాక్టీరియా కాదు, ఈస్ట్. హెన్రీ బౌలార్డ్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 1920లలో, కలరా చెలరేగిన ఇండోచైనాలో, లిచీ, మాంగోస్టీన్ పండ్ల తొక్కల నుంచి దీన్ని వేరుచేశాడు. ఈస్ట్ కాబట్టి యాంటీబయోటిక్ దీన్ని చంపలేదు. 2015లో 21 పరీక్షలను, 4,780 మంది వివరాలను కలిపి చూసినప్పుడు, ఇది వేసుకోనివారిలో 18.7 శాతం మందికి విరేచనాలు కాగా, వేసుకున్నవారిలో 8.5 శాతం మందికే అయ్యాయి. అయితే ఇది నివారణకు సంబంధించిన లెక్క అన్నది గమనించాలి. మా అమ్మకు మూడో రోజున విరేచనాలు మొదలయ్యాక షాపుకు పరుగెత్తడం కన్నా, యాంటీబయోటిక్ మొదటి మాత్రతోనే దీన్ని మొదలుపెట్టాలా అని డాక్టరు గారిని ముందే అడిగి ఉండవలసింది. ఆ సాయంత్రం ఫోన్ చేస్తే ఆయన కూడా ముందుగా ఓఆర్ఎస్ పట్టించమనే చెప్పారు. ఇదే అవసరానికి బాగా పరీక్షించిన మరొకటి ఎల్‌జీజీ (లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ) అనే బాక్టీరియా.

ఐబీఎస్ విషయానికి వస్తే ఆధారాలు కొంత బలహీనమే. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2020లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో, ఐబీఎస్‌కు ప్రోబయోటిక్‌లను పరిశోధనల్లో భాగంగా మాత్రమే వాడమని చెప్పింది. ప్రయత్నించి చూడాలనుకునేవారు కనీసం పరీక్షించిన స్ట్రెయిన్‌తోనే ప్రయత్నించాలని నా అభిప్రాయం. లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ 299వి అనే స్ట్రెయిన్‌ను మన దేశంలోనే 214 మంది ఐబీఎస్ రోగుల మీద నాలుగు వారాలపాటు పరీక్షించారు. 2012లో వెలువడిన ఆ ఫలితాల ప్రకారం ఉత్తుత్తి మందు వాడినవారితో పోలిస్తే దీన్ని వాడినవారిలో నొప్పి, ఉబ్బరం తగ్గాయి.

ఏ బాధా లేని ఆరోగ్యవంతులకు మాత్రం సప్లిమెంట్ కొనవలసిన అవసరం నాకు కనిపించదు. ఇంట్లో తోడేసిన పెరుగు, మజ్జిగ, రాత్రి అన్నంలో పాలు పోసి తోడుపెట్టిన చద్దన్నం మంచి ఆహారం. వాటిలో సజీవమైన బాక్టీరియా పుష్కలంగా ఉంటుంది. పక్కింటి నుంచి తెచ్చిన తోడులో ఏ స్ట్రెయిన్ ఎంత ఉందో తెలియదు కాబట్టి శాస్త్ర పరిభాషలో దాన్ని ప్రోబయోటిక్ అనరు, అంతే. ఇడ్లీ, దోసెల పిండి పులిసినా ఆవిరికీ పెనానికీ అందులోని జీవాలు చనిపోతాయి కనుక ఆ లెక్కలో అవి రావు.

3. పేరు మూడు భాగాలుగా ఉందో లేదో చూడండి

పూర్తి పేరులో మొదటి మాట ప్రజాతిని, రెండోది జాతిని, చివర ఉండే అక్షరాలు, అంకెలు స్ట్రెయిన్‌ను తెలుపుతాయి. ఉదాహరణకు ‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జీజీ’ అన్న పేరులో ‘జీజీ’ అన్నదే స్ట్రెయిన్. దాన్ని వేరుచేసిన గోర్బాక్, గోల్డిన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞుల ఇంటిపేర్లలోని మొదటి అక్షరాలవి. ‘లాక్టోబాసిల్లస్ రామ్నోసస్’ అని రాసి అక్కడితో ఆపేసిన డబ్బాను నేను కొనను. అందులో ఉన్నది పరీక్షించిన స్ట్రెయినో కాదో చెప్పడానికి ఆధారమే ఉండదు. మా అమ్మకోసం చూసిన సీసాలోని 15 పేర్లూ ఇలా సగంలో ఆగిపోయినవే.

పేర్ల విషయంలో రెండు చిక్కులున్నాయి. 2020లో శాస్త్రజ్ఞులు లాక్టోబాసిల్లస్ అనే పెద్ద ప్రజాతిని 25గా విడగొట్టారు. అందువల్ల కొన్ని డబ్బాల మీద ‘లాక్టికేసిబాసిల్లస్ రామ్నోసస్’ అని కొత్త పేరు కనిపించవచ్చు. చివరి స్ట్రెయిన్ గుర్తు ఒకటే అయితే జీవి ఒకటే. రెండోది, మన షాపుల్లో తరచుగా కనిపించే ‘లాక్టోబాసిల్లస్ స్పోరోజీన్స్’, ‘లాక్టిక్ యాసిడ్ బాసిల్లస్’ అన్న పేర్లు. ఇవి సాధారణంగా బాసిల్లస్ కోయాగులన్స్ అనే, బీజాలు (స్పోర్లు, అంటే వేడిని తట్టుకునే నిద్రాణ రూపాలు) కట్టే బాక్టీరియాకు వాడే పాత పేర్లు. యాంటీబయోటిక్ మాత్ర పేరు చివర ‘ఎల్‌బీ’ అని ఉంటే అందులో దీన్ని కలిపారని అర్థం. దాంతోనే పేగులకు పూర్తి రక్షణ దొరికినట్టు భావించకండి. అందులోనూ ఏ స్ట్రెయిన్, ఎన్ని బీజాలు అన్న ప్రశ్నలు వేయవలసిందే.

4. అంకెను కోట్లలోకి మార్చుకుని, అది ఏ తేదీ నాటి లెక్కో చూడండి

సజీవ కణాల సంఖ్యను సీఎఫ్‌యూ అనే కొలతలో ఇస్తారు. ఒక బిలియన్ అంటే 100 కోట్లు. ప్రోబయోటిక్ కలిపిన ఆహారంలో రోజువారీ మోతాదుకు సాధారణంగా కనీసం 10 కోట్ల సజీవ కణాలు ఉండాలని మన ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ నియమం. ఐబీఎస్ పరీక్షలో 299వి స్ట్రెయిన్‌ను రోజుకు 1,000 కోట్ల చొప్పున ఇచ్చారు. బౌలార్డీని సాధారణంగా మిల్లీగ్రాముల్లో, ఒక్కో సాచెట్‌కు 250 చొప్పున ఇస్తారు.

అంకె పెద్దదైతే మేలు కూడా పెద్దదవుతుందన్న నమ్మకాన్ని వదులుకోవాలి. బిఫిడోబాక్టీరియమ్ 35624 అనే స్ట్రెయిన్‌ను 2006లో 362 మంది ఐబీఎస్ బాధిత మహిళల మీద 10 లక్షలు, 10 కోట్లు, 1,000 కోట్లు అన్న మూడు మోతాదుల్లో పరీక్షిస్తే, పనిచేసింది మధ్యలోని 10 కోట్ల మోతాదే. అన్నిటికన్నా పెద్ద మోతాదు ఉన్న క్యాప్సూల్‌లోని పొడి తడి తగలగానే జిగురులా గడ్డకట్టి, సరిగా కరగలేదని తర్వాత గమనించారు. కాబట్టి మీరు ఎంచుకున్న స్ట్రెయిన్‌ను ఏ మోతాదులో పరీక్షించారో ఆ మోతాదే మీకు సరైనది.

ఆ సంఖ్య తయారైన రోజుదా, గడువు ముగిసే రోజుదా అన్నది మరో ముఖ్యమైన విషయం. జీవకణాలు నిల్వలో రోజురోజుకూ చనిపోతూ ఉంటాయి. గడువు తీరే వరకు ఇంత సంఖ్య ఉంటుందని రాసిన డబ్బాకు ప్రాధాన్యం ఇవ్వండి.

5. లైసెన్సు, ఇతర పదార్థాలు, నిల్వ

ఆహార సప్లిమెంట్‌గా అమ్మేవాటి మీద 14 అంకెల ఆహార భద్రతా లైసెన్సు సంఖ్య, ‘హెల్త్ సప్లిమెంట్’ అన్న మాట, ఔషధంగా వాడకూడదన్న సూచన ఉంటాయి. ఔషధంగా అమ్మేవాటి మీద ఔషధ తయారీ లైసెన్సు సంఖ్య ఉంటుంది. ఏ లైసెన్సూ కనబడనిది వద్దు. పాల పదార్థాలు, సోయా పడనివారు పదార్థాల పట్టికను పూర్తిగా చదవాలి. జెలటిన్ క్యాప్సూళ్లు శాకాహారం కావు కనుక పట్టింపు ఉన్నవారు ఆకుపచ్చ చుక్క గుర్తు చూసుకోవాలి. ఉబ్బరం ఉన్నవారు ఇనులిన్, ఫ్రక్టో ఆలిగో శాకరైడ్ల వంటి పీచు కలిపినవాటిని మొదట తప్పించడం మంచిది, అవి గ్యాస్‌ను పెంచవచ్చు.

మన ఎండలను తలుచుకుంటే నిల్వ విషయం తేలిగ్గా తీసుకోదగినది కాదు. మే నెలలో ఎండన పడి, డెలివరీ వ్యాన్‌లో గంటల తరబడి ఉండి వచ్చిన క్యాప్సూల్‌లో ఎన్ని కణాలు బతికి ఉంటాయో చెప్పలేము. ఫ్రిజ్‌లో ఉంచాలని రాసి ఉన్నదాన్ని, ఫ్రిజ్‌లోంచే తీసి ఇచ్చే షాపులో కొనండి. మాడు పగిలే ఎండల కాలంలో అయితే బీజాల రూపంలో ఉండే బాసిల్లస్ రకాలు, గది ఉష్ణోగ్రతలో నిలిచే ఈస్ట్ సాచెట్లు సులువు. సీసా కన్నా ఒక్కొక్కటిగా మూసిన స్ట్రిప్పు మేలు, ఎందుకంటే సీసా మూత తీసిన ప్రతిసారీ లోపలికి తేమ చేరుతుంది. ఇంట్లో పొయ్యి దగ్గరి అరలో మాత్రం పెట్టకండి.

6. ఎవరు డాక్టరు గారిని అడగకుండా వేసుకోకూడదు?

రోగనిరోధక శక్తి బాగా తగ్గినవారు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, పెద్ద రక్తనాళంలో గొట్టం అమర్చినవారు, ఐసీయూలో ఉన్నవారు సొంతంగా ప్రోబయోటిక్ వాడకూడదు. బౌలార్డీ ఈస్ట్ ఇలాంటివారి రక్తంలోకి చేరి ఇన్‌ఫెక్షన్ కలిగించిన సందర్భాలున్నాయి. నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమగ్రంథి వాపుతో ఆసుపత్రిలో ఉన్నవారికి ప్రోబయోటిక్‌లు ఇచ్చి చూసిన పరీక్షలో, 2008లో వెలువడిన ఫలితాల ప్రకారం, వాటిని తీసుకున్నవారిలో 16 శాతం మంది, తీసుకోనివారిలో 6 శాతం మంది చనిపోయారు. నెలలు నిండని శిశువులకు వీటిని ఇచ్చే విషయంలో 2023లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరిక జారీ చేసింది. ‘పెరుగులాంటిదే కదా’ అని ఇంట్లో పెద్దలు అన్నా సరే, ఇలాంటివారి విషయంలో నిర్ణయం వైద్యులదే కావాలి.

7. నాలుగు వారాల పరీక్ష పెట్టుకోండి

ఒకేసారి ఒకే ఉత్పత్తి మొదలుపెట్టండి. బాక్టీరియా రకమైతే యాంటీబయోటిక్‌కు, దానికి మధ్య కనీసం రెండు గంటల వ్యవధి ఉంచండి. ఈస్ట్‌కు ఆ అవసరం లేదు గాని, ఫ్లుకొనజోల్ వంటి ఫంగస్ మందులు వాడేటప్పుడు అది చనిపోతుంది. పొడిని మరుగుతున్న పాలలోనో, వేడి టీలోనో కలపకండి. మొదటి కొద్ది రోజులు కాస్త గ్యాస్ ఎక్కువ కావచ్చు.

యాంటీబయోటిక్ కోసం మొదలుపెట్టినవారు డాక్టరు గారు చెప్పినన్నాళ్లు వేసుకుని మానేయాలి, నెలల తరబడి కొనసాగించడం అనవసరం. 2018లో ఇజ్రాయెల్‌లో జరిగిన ఒక చిన్న అధ్యయనంలో, యాంటీబయోటిక్ తర్వాత 11 స్ట్రెయిన్ల మిశ్రమాన్ని తీసుకున్నవారి పేగుల్లో సొంత సూక్ష్మజీవులు తిరిగి నిలదొక్కుకోవడం ఆలస్యమైంది.

కడుపుబ్బరం, నొప్పి వంటి దీర్ఘకాలిక బాధలకోసం వాడేవారు మొదలుపెట్టడానికి ఒక వారం ముందు నుంచే క్యాలెండర్‌లో రోజూ రెండు అంకెలు వేసుకోండి, ఒకటి మలవిసర్జన ఎన్నిసార్లు అయిందో, రెండోది నొప్పి లేదా ఉబ్బరం పదికి ఎంత ఉందో. నాలుగు వారాల తర్వాత ఆ అంకెల్లో తేడా కనబడకపోతే రెండో డబ్బా కొనకండి. తేడా కనిపిస్తే ఒకసారి ఆపి, బాధ మళ్లీ వస్తుందో లేదో చూడండి. డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ క్యాలెండర్‌ను, ఖాళీ అయిన పెట్టెను వెంట తీసుకువెళ్లండి.