గట్టు మీద కనిపించింది చిరుత పిల్లా, బావురు పిల్లా? తేల్చుకోవడం ఎలా

కోరింగ మడ అడవుల పక్కన గానీ కృష్ణా డెల్టాలో చేపల చెరువుల మీద గానీ రాత్రిపూట మచ్చలున్న జంతువు కనబడితే చాలు, తెల్లారేసరికి చిరుత వచ్చిందని వాట్సాప్ అంతా వీడియో తిరుగుతుంది. చాలాసార్లు అది బావురు పిల్లే, అంటే నీటి ఒడ్డున చేపలు పట్టి తినే అడవి పిల్లి. పెద్ద మగది 15 కేజీల దాకా తూగుతుంది కాబట్టి టార్చి వెలుగులో పొరపడటం మామూలే.

ముందు తోక చూడండి, మచ్చలు తర్వాత, ఎందుకంటే చిరుత పిల్లలకి చిన్నప్పుడు మచ్చలు సరిగ్గా విడిపడి ఉండవు, అక్కడే అందరూ తప్పులో కాలేస్తారు. చిరుత తోక పొడుగు, నడిచేటప్పుడు కొస పైకి వంగి ఉంటుంది. బావురు పిల్లిది పొట్టి తోక, కాస్త లావు, ఒంటి పొడవులో సగం కూడా ఉండదు. కాళ్ళు కూడా కురచే. ఒళ్ళు బూడిద రంగు, దాని మీద నల్ల చుక్కలు వెన్ను పొడుగునా వరసల్లో ఉంటాయి, నుదుటి మీద నించి మెడ దాకా గీతలు. చెరుకు తోటల్లో తిరిగే మామూలు అడవి పిల్లికి అసలు ఒంటి మీద చుక్కలే ఉండవు, కాళ్ళు పొడుగు.

జంతువు కనబడకపోయినా బురద చెప్పేస్తుంది. తెల్లవారుజామున, కూలీలు తొక్కకముందే గట్టు చూడాలి. నాలుగు వేళ్ళ అచ్చు ఉండి గోళ్ళ గుర్తులు పడితే కుక్కే అనేసుకోకండి (నేనూ మొదట్లో అలాగే అనుకుని వదిలేశా), బావురు పిల్లి గోళ్ళు పూర్తిగా లోపలికి ముడుచుకోవు, అందుకే మెత్తటి నేలలో పడతాయి. వేళ్ళ మధ్య చర్మం కొంత అతుక్కుని ఉంటుంది, బాగా తడిబురదైతే అదీ తెలుస్తుంది. ఐదు వేళ్ళు కనిపిస్తే అది నీటికుక్క.

బావురు పిల్లి ఒడ్డున కదలకుండా కూర్చుని, చేప పైకి రాగానే పంజాతో లాగుతుంది, ఒక్కోసారి నీళ్ళలోకి దూకేస్తుంది కూడా. లోపలి బొచ్చు ఎంత ఒత్తుగా ఉంటుందంటే చర్మం దాకా తడి చేరదు. చెరువులో చేపలు తింటుందని రైతులకి కోపం, నిజమే తింటుంది, కానీ గట్లకి కన్నాలు పెట్టే ఎలకల్నీ తింటుంది. ఉచ్చులు మాత్రం పెట్టొద్దు, 1972 వన్యప్రాణి చట్టంలో ఇది షెడ్యూల్ 1లో ఉంది, పులికున్న రక్షణే దీనికీ. 2018లో కోరింగలో లెక్కేస్తే 115 దాకా ఉన్నాయన్నారు, అంతే.

తుంగలో దీని పిల్లలు దొరికితే ఎత్తుకోకండి, పాలు పట్టకండి, సెల్ఫీలు అసలొద్దు. తల్లి వేటకి పోయి ఉంటుంది. కుక్కల్ని కట్టేసి, జనాన్ని పంపించేసి, అటవీ శాఖ వాళ్ళకి ఫోన్ చేసి, దూరంగా ఉండి ఆ రాత్రంతా చోటు ఖాళీగా వదిలేయండి, చాలాసార్లు తల్లే వచ్చి మెడ పట్టుకుని ఒక్కోదాన్నీ మోసుకుపోతుంది.